మూడుసార్లు తట్టి నూరు లెక్కపెట్టవలెను

నమోదు 1. కొళాయి రోజుకు ఇంకా ఇరవై రోజులు.

విడుదల నియంత్రణ మండలి వారి ఉత్తర్వు ప్రకారం ప్రతి ఇన్‌స్పెక్టరూ సొంత చేతిరాతతో ఒక దినచర్య పుస్తకం నడపాలి. కంప్యూటర్లో ఎక్కిస్తే ఫ్యాక్టరీల వాళ్ళు అంకెలు దిద్దేస్తున్నారని పదేళ్ళ కిందట ఈ ఏర్పాటు చేశారు. నా చేతిరాతను దిద్దడం సంగతి అటుంచి, చదవడమే ఎవరి తరమూ కాదు. కాబట్టి ఈ పుస్తకంలో నిజాలు నిర్భయంగా రాయగలనని సవినయంగా మనవి.

పేరు హేమసుందర్. ఎమ్మెస్సీ, ద్వితీయ శ్రేణి. హోదా గ్రేడ్-3 ఇన్‌స్పెక్టరు, ముత్తేలగట్టు పారిశ్రామికవాడ. నా ఏలుబడిలో పదమూడు ఫ్యాక్టరీలు, పదమూడు మ్యాన్‌హోల్ మూతలు, ఒక తోపుడుబండి, ఒక ఎర్నమ్మ.

ఎర్నమ్మది నమూనాలు తీసే పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆమె ఇనప కడ్డీతో మూత మీద మూడుసార్లు తడుతుంది. నేను నూరు లెక్కపెడతాను. తరువాత ఇద్దరం కలిసి మూత లేపుతాం. నిబంధన 17: మూడుసార్లు తట్టి, నూరు లెక్కపెట్టి, ఆ తరువాతే తెరవవలెను. ఈ మూతల కింద ఫ్యాక్టరీల నీళ్ళు పారే పైపు లోపల పెంచిన జీవపు పొర ఉంది. ఫ్యాక్టరీల మురికిని అది తిని నీళ్ళను వదిలేస్తుంది. తట్టితే అత్తిపత్తి ఆకులా ముడుచుకుని, కడుపులోని విషవాయువును పక్క గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. తట్టకుండా తెరిచి పోయినవాళ్ళ పేర్లు ఆఫీసు గోడ మీద ఉన్నాయి. ఇంకా ఖాళీ ఉంది.

"నూరయిందా బాబూ?"

"తొంభై రెండు, పిన్నీ."

"నీ తొంభై రెండు నాకు ముప్పైలాగున్నాది. మళ్ళీ మొదలెట్టు. నాను సచ్చిపోతే నీకేటి, ఇంకో పిన్నిని ఏస్తారు."

మళ్ళీ మొదలుపెట్టాను. పొరకు మురికి అరుగుతుంది గానీ లోహాలు అరగవు. అందుకే ప్రతి ఫ్యాక్టరీ తన ఆవరణలోనే సున్నంతో లోహాలను దించేసి, మిగిలిన నీళ్ళనే మా పైపులోకి వదలాలి. దాని పేరు ముందుశుద్ధి. వదిలారో లేదో చూడటమే నా జన్మకు కారణం.

ఈ రోజు పదమూడు నమూనాలూ పాస్. ఇలా వరసగా ఇంకో ఇరవై రోజులు పాసయితే నేను ఒక సంతకం పెడతాను. ఆ సంతకంతో పైపు చివరి తొట్టిలో చేరే శుద్ధమైన నీళ్ళు లైన్‌గట్టు కాలనీకి వెళ్తాయి. పద్నాలుగు వందల ఇళ్ళు. నాలుగు రోజులకోసారి ట్యాంకరు, ఇంటికి నాలుగు బిందెలు. ఎర్నమ్మ ఇల్లు అక్కడే. మండలి వాళ్ళు ఆమె పెరట్లో బిగించిన ఇత్తడి కొళాయిని ఆమె ఇప్పటినుంచే రోజూ చింతపండుతో తోముతోంది.

"నీళ్ళే రాని కొళాయికి అంత సేవ ఎందుకు పిన్నీ?"

"వొచ్చాక తోముతావేటి? వొచ్చాక దాని కింద కూకుంటాను. సెంబులు లెక్కెట్టకుండా ఒక్కసారి తలంటుకుంటాను. యాభై ఎనిమిదేళ్ళు బాబూ. ఒక్కసారి."

నమోదు 2. ఇంకా పదహారు రోజులు.

ఫలితాలు మరీ బాగున్నాయి. మా నాన్న నా మార్కుల కాగితం చూసి అనుమానించిన రోజు గుర్తొచ్చింది.

తొమ్మిదో నంబరు ఫ్యాక్టరీలో పాత బ్యాటరీలు కరిగించి నికెల్ తీస్తారు. అక్కడి నీళ్ళలో నికెల్ పరిమితి లీటరుకు మూడు మిల్లీగ్రాములు. ఎప్పుడూ రెండున్నర వచ్చేది. ఇప్పుడు ఏడాదిన్నరగా సున్నా. అభినందిద్దామని వెళ్ళాను. పర్యావరణ మేనేజరు ఫణిభూషణ్ ఎదురొచ్చారు.

"రండి సార్, రండి. ట్యాంకరు నీళ్ళతోనే టీ పెట్టించాను, భయపడకండి."

ముందుశుద్ధి యూనిట్ చూపించమన్నాను. ఆయన టీ ఇంకోసారి తెప్పించారు. మళ్ళీ అడిగాను. చూపించక తప్పలేదు. సున్నం బస్తాలు బండరాళ్ళయి ఉన్నాయి. మోటారు మీద సాలెగూడు. సున్నం కలిపే తొట్టిలో ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టుకుని, నన్నే అనుమతి పత్రం అడిగేలా చూసింది.

"ఆపేశారా?"

"ఆపలేదు సార్. విశ్రాంతి ఇచ్చాం. ఒకరోజు మోటారు కాలిపోయింది. భయపడుతూనే నీళ్ళు అలాగే వదిలాం. మీ శాంపిల్ పాసయింది. మరుసటి రోజూ పాసయింది. పాసవుతున్నదాన్ని పట్టుకుని ఎందుకు సార్ మళ్ళీ కడగటం? మిగతా పన్నెండు మందినీ అడగండి, ఎవరి మోటారు తిరుగుతోందో!"

"మరి నికెల్ ఎక్కడికి పోతోంది?"

"అది మీ పైపు సార్. మాకు సంబంధం లేని విషయం."

టీ బాగుంది. అది కూడా రాయడం నా ధర్మం.

నమోదు 3. ఇంకా పదమూడు రోజులు.

లెక్క వేశాను. ఫ్యాక్టరీలోకి వెళ్ళే నికెల్‌లోంచి, సరుకుగా బయటికి వెళ్ళే నికెల్ తీసేస్తే రోజుకు నలభై కిలోలు తేడా. ఏడాదిన్నరకు ఇరవై టన్నుల పైమాట. ఇది ఒక్క ఫ్యాక్టరీది. మిగతావాళ్ళవి సీసం, క్రోమియం, రాగి. చివరి తొట్టిలో ఇవేవీ లేవు. పైపులోకి వెళ్ళినది బయటికి రాలేదంటే పైపులోనే ఉండాలి. దీనికి ఎమ్మెస్సీ అక్కర్లేదు.

మండలి ముఖ్య అధికారి చిత్కళ మేడం దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను. మేడం చెడ్డవారు కాదు. కాలనీకి నీళ్ళివ్వాలని పదకొండేళ్ళుగా పై ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆవిడే.

"హేమసుందర్, పరిమితికి మించితే సెక్షన్ 9. తక్కువ వస్తే ఏ సెక్షన్ కింద నేరం?"

"తక్కువ రావడం నేరం కాదు మేడం. కానీ..."

"కానీ అనే సెక్షన్ మన చట్టంలో లేదు. వెళ్ళి రేపటి నమూనాలు తియ్యి."

నమోదు 4. ఇంకా పది రోజులు.

ఈ రోజు కాలనీకి ట్యాంకరొచ్చే రోజు, ఎర్నమ్మకు సెలవు. ఒక్కడినే బండి తోసుకెళ్ళాను. ఆరో మూత దగ్గర చూస్తే కడ్డీ లేదు, అయిదో మూత దగ్గర మరిచిపోయాను. వెనక్కి వెళ్ళాలంటే కిలోమీటరు. మాస్కు ఉంది, యవ్వనం ఉంది, బద్ధకం ఉంది. తట్టకుండా మూత లేపాను.

వాయువు ముఖానికి కొట్టింది. కళ్ళు మండి కాసేపు ఏమీ కనబడలేదు. కనబడ్డాక, ముందు అది నీడ అనుకున్నాను.

పుస్తకాల్లో పొర మందం ఒక వేలెడు. ఆ మ్యాన్‌హోల్ లోతు పన్నెండు అడుగులు. అది అడుగు నుంచి అంచుదాకా నిండి ఉంది. నల్లాకుపచ్చ రంగు, నూనె రాసినట్టు మెరుపు. మెల్లగా పొంగుతోంది, మెల్లగా తగ్గుతోంది. మీద సన్నటి లోహపు పొడి, ఎండకు తళతళమంటోంది. సీసా ముంచాను. లోపలినుంచి ఎవరో సీసాను పట్టుకుని, తిప్పి చూసి, వదిలేసినట్టయింది.

మూత పడేశాను. రాయి తీసుకుని మూడుసార్లు తట్టాను. నూరు లెక్కపెట్టాను, నా జీవితంలో మొదటిసారి నిజాయితీగా. తెరిచాను.

పన్నెండు అడుగుల కింద తేటగా నీళ్ళు పారుతున్నాయి. గోడకు వేలెడు మందాన పొర. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే. రెండో సీసా ముంచాను.

రెండు సీసాలూ ల్యాబులో ఇచ్చాను. తట్టి తీసినదాంట్లో నికెల్ సున్నా. తట్టకుండా తీసినదాంట్లో రెండు వేల నూట పది. పరిమితి మూడని పైన రాశాను, మళ్ళీ రాస్తున్నాను. మూడు.

నమోదు 5. ఇంకా తొమ్మిది రోజులు.

ఎర్నమ్మ నమ్మలేదు.

"గాలి తగిలి కళ్ళు తిరిగుంటాయి నీకు. సదువుకున్నోళ్ళకి అలాగే అవుద్ది."

నాలుగో మూత దగ్గర ఇద్దరం మాస్కులు పెట్టుకున్నాక, తట్టకుండా తెరిచి చూపించాను. ఆమె చాలాసేపు వంగి చూసింది. మూత మూసి, తట్టింది. నేను లెక్కపెట్టాను. తెరిచాం. తేట నీళ్ళు. ఆమె కడ్డీని బండి మీద పెట్టి, గట్టు మీద కూర్చుంది.

"ఇరవై రెండేళ్ళు. రోజుకి పదమూడు మూతలు. తడితే దాక్కోవాలని నానే నేర్పినాను దీనికి."

"మనం వాయువు కోసం తట్టాం పిన్నీ. ముడుచుకున్నప్పుడు లోహాన్ని కూడా తనతో లాక్కుపోతుందని ఎవరనుకుంటారు?"

"ఎక్కడికి లాక్కుపోతాది?"

"పక్క మూతకు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాత నా వైపు చూడకుండా అంది: "తొమ్మిది రోజులే ఉన్నాది కదా బాబూ. నువ్వు సూడలేదనుకో. నానూ సూడలేదు."

నేను జోకు వెయ్యాల్సిన చోటు అది. బండిని అయిదో మూత వైపు తోశాను.

నమోదు 6. ఇంకా ఎనిమిది రోజులు.

పొద్దున్నే ఎర్నమ్మ బండి దగ్గర నిలబడి ఉంది.

"కలొచ్చింది. కొళాయి కింద కూకుని తలంటుకుంతన్నాను. నీళ్ళు మెత్తగా ఉన్నాయి బాబూ. మరీ మెత్తగా. జుట్టు పట్టుకున్నాయి. పద, మేడం దగ్గరికి."

మేడం రెండు సీసాల ఫలితాలూ చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశారు. రెండు వేల నూట పది కింద కలంతో గీత గీశారు. కాబట్టి ఆవిడకు అర్థం కాలేదని ఎవరూ అనరాదు.

"ఈ రెండు వేలు వచ్చినది తట్టి తీశావా?"

"లేదు మేడం. తడితే రాదు. అదే కదా..."

"నిబంధన 17 ఉల్లంఘించి తీసిన నమూనా చెల్లదు. కోర్టుకు వెళ్తే ఫ్యాక్టరీల లాయర్లు మొదటి నిమిషంలో కొట్టేయిస్తారు. చెల్లే నమూనా తెచ్చి చూపించు, రేపే కాలనీ వాల్వుకు తాళం వేస్తాను."

"చెల్లే నమూనాలో అది కనబడదు మేడమ్మగారూ," అంది ఎర్నమ్మ.

"కనబడనిదాని మీద నేనేం చెయ్యను ఎర్నమ్మా? పద్నాలుగు వందల ఇళ్ళు. నీ ఇల్లు కూడా."

ప్రాణరక్షణ నియమాన్ని అతిక్రమించినందుకు సంజాయిషీ కోరుతూ నాకొక మెమో ఇచ్చారు. సర్వీసులో మొదటిది. పటం కట్టించుకోవాలి.

నమోదు 7. ఇంకా అయిదు రోజులు.

సాక్షులుగా ఇద్దరు ల్యాబు వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాం. తట్టకుండా ఆరో మూత తెరిచాం. తేట నీళ్ళు. ఎనిమిదో మూత. తేట నీళ్ళు. రెండో మూత. ల్యాబు వాళ్ళు నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయారు.

"బండి," అంది ఎర్నమ్మ.

బండి చక్రం కీచుమంటుంది. నూనె వెయ్యమని నాలుగు అర్జీలు పెట్టాను. మేమొస్తున్నామని దానికిప్పుడు చక్రం చప్పుడే చెబుతోంది. బండిని గేటు దగ్గర వదిలేసి, చెప్పులు విప్పి నడిచి వెళ్ళాం. అప్పుడూ తేట నీళ్ళే. కానీ మూత లోపలి అంచు ఇంకా తడిగా, జిడ్డుగా ఉంది. మేం చెయ్యి వెయ్యడానికి ఒక్క క్షణం ముందు వరకూ అక్కడే ఉంది.

నమోదు 8. ఇంకా రెండు రోజులు.

ఆలోచన నాది. తప్పు కూడా నాదే కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను.

చివరి తొట్టికి మూత లేదు. మూత లేనిచోట నిబంధన 17 లేదు. అక్కడ తీసిన నమూనా పరమ చట్టబద్ధం. పదమూడు మూతల మీదా ఒకేసారి తట్టితే అది పక్క మూతకు పోలేదు. పోవడానికి మిగిలిన దారి తొట్టి ఒక్కటే. మేడం కళ్ళ ముందు, పట్టపగలు, తొట్టిలోకి దిగుతుంది.

"పదమూడు కడ్డీలు, పదమూడు మంది కావాలి," అన్నాను.

"ట్యాంకరు లైన్లో ఎంతమంది లేరు!" అంది ఎర్నమ్మ. సాయంత్రానికి కాలనీ ఆడవాళ్ళు పన్నెండు మందిని కూర్చోబెట్టి, తట్టడం, నూరు లెక్కపెట్టడం నేర్పింది. పక్కింటి పోలమ్మ అందరికంటే గట్టిగా తట్టింది.

"ఇలగ కొడితే సాలేటే ఎర్నీ?"

"సాలు. మీ అత్తని కొట్టాలనుకుని ఊరుకున్న దెబ్బలన్నీ దాని మీద ఎయ్యి."

నమోదు 9. ఇంకా ఒక రోజు.

ఉదయం ఆరు గంటలకు ఫ్యాక్టరీల సైరన్ గుర్తు. నేనూ మేడమూ తొట్టి గట్టు మీద. సైరన్ మోగింది. దూరంగా పదమూడు చోట్ల ఇనుము మీద ఇనుము. నేను లెక్క మొదలుపెట్టాను.

నలభై. యాభై. తొట్టి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అరవై దగ్గర తొట్టి అడుగున ఒక నీడ కదిలింది, పొలం మీద మబ్బు నీడ పోయినట్టు. తల ఎత్తి చూశాను. ఆకాశంలో మబ్బు లేదు. నీడ తొట్టి ఈ చివర మొదలై ఆ చివరికి పోతూనే ఉంది. నూరు దాటింది. మూడు వందలు దాటింది. పైన నీళ్ళు మాత్రం ఒక్క అల కూడా లేకుండా తేటగా నిలబడ్డాయి. చివరికి నీడ తోక కూడా వెళ్ళిపోయింది.

పైనుంచి సీసాతో నమూనా తీశాను. కంటికి తేట. ల్యాబులో కూడా తేట అని తేలేసరికి ఎనిమిదయింది; ఎర్నమ్మ తప్ప తట్టినవాళ్ళంతా అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

"ఎక్కడికి పోయింది మేడం? తొట్టికి అటువైపు దారి లేదు కదా!"

మేడం ముఖంలో రంగు లేదు. "కాలనీ వాల్వు. నిన్న సాయంత్రమే ట్రయల్ కోసం తెరిపించాను. రేపు ప్రారంభానికి అందరూ వస్తారు. ఎండిన పైపులు ముందుగా తడవాలని..."

మూడు కిలోమీటర్లు పరిగెత్తాను. కాలనీకి చేరేసరికి ఊపిరి అందటం లేదు. వీధి మొదట్లోనే పోలమ్మ ఎదురై, పెద్ద స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది.

"తాగు ఇనస్పెట్రు బాబూ, తాగు! ముందు నీకే!"

దాహంతో ఉన్నాను. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. సగం గ్లాసు అయిపోయాక ఆమె మాటలు చెవికెక్కాయి.

"ముందు ఏదో జిడ్డు వొచ్చింది బాబూ, నల్లగా. కోపమొచ్చి పైపు మీద కడ్డీతో మూడిచ్చినాను. నిన్న ఎర్నమ్మ నేర్పింది గదా, నూరు లెక్కెట్టినాను. ఇదిగో, అద్దంలాగ! వీధంతా సెప్పీసినాను. అందరూ అలగే తడతన్నారు."

విన్నాను. ప్రతి పెరట్లోనూ మూడు దెబ్బలు. తరువాత జనం గొంతులు, ఒకటి, రెండు, మూడు. తరువాత నీళ్ళ చప్పుడు, నవ్వులు. బిందెలు పొంగిపోతున్నాయి. ఒక ముసలాయన నడివీధిలో ఒంటి మీద నీళ్ళు కుమ్మరించుకుంటున్నాడు.

వద్దని అరిచాను. ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు.

ఎర్నమ్మ వెనకాలే వచ్చింది. తన పెరట్లోకి వెళ్ళి, మెరుస్తున్న ఇత్తడి కొళాయి ముందు నిలబడింది. ఇరువైపులా ఇళ్ళలో తట్టుతున్నారు. ఆమె తట్టలేదు. కొళాయి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

నమోదు 10. కొళాయి రోజు.

కాలనీ లైను మూయమని నిన్నే అడిగాను, మూయించలేదు. చిత్కళ మేడం నిన్న సాయంత్రం నుంచి ఆఫీసులోనే ఉన్నారు. ఉదయానికి సవరణ సిద్ధం. నిబంధన 17-బి: గృహస్థులు కొళాయి తిప్పుటకు ముందు మూడుసార్లు తట్టి నూరు లెక్కపెట్టవలెను. రేపు ఉదయం నుంచి అమలు.

"తట్టి తీసిన నీళ్ళు పాసవుతున్నాయి," అన్నారు మేడం. "కాలనీ అంతా సంతోషంగా ఉంది. ఇప్పుడు లైను మూస్తే మళ్ళీ ట్యాంకరు. నన్నొక్కదాన్నే కాదు, నిన్నూ నన్నూ కలిపి తంతారు. సంతకం పెట్టు. మిగతాది మెల్లగా చూసుకుందాం. ఫ్యాక్టరీలకు నోటీసులిస్తాను, ముందుశుద్ధి మొదలుపెట్టిస్తాను."

"లోహం మరిగినదానికి ఆ తిండి ఆపేస్తే, ఆకలికి అదేం చేస్తుంది మేడం? అది ఇప్పుడు ఇళ్ళ మధ్య ఉంది."

ఆవిడ ధ్రువపత్రం నా ముందుకు జరిపారు.

అప్పుడు ఎర్నమ్మ లోపలికి వచ్చింది. చంకలో బిందె. బిందె మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. తిన్నగా వచ్చి మేడం బల్ల మీద, ధ్రువపత్రం పక్కన దింపింది.

"ఇదేమిటి ఎర్నమ్మా?"

"నా కొళాయి నీళ్ళు మేడమ్మగారూ. తట్టకుండా పట్టినాను. వీధిలో అందరి ముందూ పట్టినాను."

గుడ్డ విప్పింది. బిందె నిండా నల్లాకుపచ్చ. పొంగుతోంది, తగ్గుతోంది. గదిలో బ్యాటరీ వాసన.

"ఇది చెల్లదు," అన్నారు మేడం.

"చెల్లుతుంది మేడం," అన్నాను. "నిబంధన 17 మ్యాన్‌హోళ్ళకు. ఇంటి కొళాయిలకు రేపు ఉదయం నుంచి. ఈ రోజు ఇంటామె తన కొళాయి ఎలా తిప్పుకున్నా చట్టమే."

"నీకు నీళ్ళు అక్కర్లేదా ఎర్నమ్మా? ఇన్నేళ్ళు చూశావు కదా!"

"అక్కర్లేదని ఎవులన్నారు?" ఎర్నమ్మ బిందెను రెండు చేతులా పట్టుకుంది. "కొళాయి ఇప్పీసినాను. బిరడా కొట్టీసినాను. పోలమ్మకి తెల్లారగట్ట నుంచి పక్కింటోళ్ళు తట్టినప్పుడల్లా కడుపు ముడుసుకుంతందట. పక్క వీధిలో ఇంకో ఆరుగురికి. తాగినోళ్ళకే. నాను తాగలేదు."

మేడం బిందెనే చూస్తున్నారు. ఆలోచనలో పడితే ఆవిడకు ఒక అలవాటు, కలంతో బల్ల మీద కొట్టడం. కొట్టారు. ఒకటి. రెండు. మూడు.

బిందెలోది బిగుసుకుంది. అంచుల్లోంచి జారి, అడుగుకు దిగి, పిడికెడంత అయింది. దాని మీద నీళ్ళు తేటగా, అద్దంలా నిలబడ్డాయి. మేడం ముఖం ఆ నీళ్ళలో కనబడింది.

"చూడు," అన్నారు ఆవిడ మెల్లగా, దాదాపు వేడుకుంటున్నట్టు. "శుభ్రంగానే ఉన్నాయిగా. రాయి హేమసుందర్. నమూనా తేట అని రాయి."

నేను వెంటనే రాయలేకపోయాను. బల్ల అంచు పట్టుకుని వంగిపోయాను. ఎర్నమ్మ నా భుజం పట్టుకుంది.

"బాబూ? బాబూ, నువ్వు తాగినావేటి?"

తరువాత ఫారం నింపాను. చేతిరాత ఈసారి అందరికీ అర్థమయ్యేలా గుండ్రంగా రాశాను.

ధ్రువపత్రం: తిరస్కరించడమైనది. కాలనీ లైను ఈ క్షణమే మూసివేయవలెను. నిన్న ఆ నీళ్ళు తాగినవారందరినీ ఆసుపత్రికి తరలించవలెను.

నమూనా 1. తీసిన చోటు: ఎర్నమ్మ ఇంటి కొళాయి. తట్టక ముందు: నలుపు. తట్టిన తరువాత: తేట.

నమూనా 2. తీసిన చోటు: ఇన్‌స్పెక్టరు హేమసుందర్, వయసు ఇరవై ఆరు, సగం గ్లాసు. తట్టక ముందు: ఏమీ తెలియలేదు. తట్టిన తరువాత: ముడుచుకుంది.

సంతకం పెట్టాను. మేడం చేతిలోంచి కలం మెల్లగా తీసేసుకున్నాను.